మచ్చు గుడ్డ లేకుండా ఎరుపుకు పేరు పెట్టలేం

ఒక దుప్పటి విషయంలో నేను తప్పు తీర్పు చెప్పాను. ఇక్కడ నేను వాదించబోయేదంతా ఆ తప్పు నేర్పిందే కాబట్టి ముందుగా దాని సంగతే చెబుతాను.

చాలా ఏళ్లు హైదరాబాదు శివార్లలోని మందుల తయారీ సంస్థల్లో నాణ్యత పరీక్ష విభాగంలో పనిచేశాను. మాత్రలో ఉండాల్సిన మందు సరిపడా ఉందా, ఉండకూడనివి ఏమైనా చేరాయా అని తేల్చడం నా పని. ఇప్పుడు ఒక కళాశాలలో ఎమ్మెస్సీ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. మూడేళ్ల కిందట మా వదిన ఒక కలంకారీ దుప్పటి కొన్నది. దానికి "పూర్తిగా ప్రకృతి రంగులు" అని చీటీ కట్టి ఉంది. ధర మామూలు దుప్పటికి మూడింతలు. "నీ దగ్గర యంత్రాలున్నాయిగా, ఇది నిజమో కాదో చెప్పు" అని నా ముందు పెట్టింది.

అంచు మడత లోపలి నుంచి నాలుగు మిల్లీమీటర్ల ఎర్ర పోగు తీశాను. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మిథనాల్, నీరు కలిపిన ద్రావణంలో దాన్ని పది నిమిషాలు వేడి చేస్తే రంగు పోగును విడిచి ద్రావణంలోకి వచ్చింది. ఆ ద్రావణాన్ని ఆరబెట్టి, మళ్లీ కరిగించి, హెచ్‌పీఎల్‌సీ యంత్రంలోకి పంపాను. ద్రవంలో కలిసి ఉన్న పదార్థాలను ఒక సన్నని గొట్టం గుండా నెట్టి, ఒక్కొక్కటి ఎంతసేపటికి బయటికి వస్తుందో, ఏ కాంతిని పీల్చుకుంటుందో నమోదు చేసే యంత్రమిది. తెర మీద ఒకే ఒక శిఖరం లేచింది. అది 430 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటోంది. బీరువాలో ఉన్న ఆలిజరిన్ సీసాతో పోల్చి చూశాను, అచ్చంగా సరిపోయింది. ఆలిజరిన్ అంటే చిరివేరు అనే మొక్క వేరులో ఉండే ఎరుపు. "నిజమైనదే వదినా" అని చెప్పేశాను.

కొన్ని నెలల తర్వాత విద్యార్థులతో పెడన వెళ్లినప్పుడు, అక్కడ అచ్చులతో అద్దకం చేసే ఒక పెద్దాయనకు ఫోనులో ఆ దుప్పటి బొమ్మ చూపించాను. ఆయన ఒక్క చూపు చూసి, "ఈ ఎరుపు పొడిదమ్మా" అన్నారు. "మేమూ అదే వాడతాం. మా నాన్న కూడా అదే వాడేవాడు. చిరివేరు సంగతి మా తాత చెబుతుంటే విన్నాను గానీ నేను దాన్ని ఉడకబెట్టలేదు." గోడ వారగా ఉన్న డబ్బా మూత తీసి చూపించారు. అందులో ఇటుక రంగు పొడి ఉంది, ఆలిజరిన్.

ఆయన ఏదీ దాచలేదు, దాచాల్సిన అవసరమూ ఆయనకు లేదు. తప్పు నాది. నేను పోల్చి చూసిన సీసాలోని ఆలిజరిన్ కూడా కర్మాగారంలో తయారైనదే. కర్మాగారపు రంగును కర్మాగారపు రంగుతో పోల్చి, రెండూ ఒకటేనని తేల్చి, దానికి చెట్టు పేరు పెట్టాను.

ఆ రాత్రి ఇంటికి వచ్చాక నన్ను ఎక్కువగా బాధపెట్టిన విషయం ఇంకొకటుంది. నా వృత్తి నాకు నేర్పిన మొదటి పాఠాన్నే నేను మరిచిపోయాను. మందుల పరీక్షలో అసలు పదార్థం ఉందో లేదో చూడడం తేలిక. దాని వెంట వచ్చిన చిన్నాచితకా మలినాలను చూడడమే అసలు పని, ఎందుకంటే ఆ మందు ఏ దారిలో తయారైందో అవే చెబుతాయి. భూమిలోంచి తవ్వి తీసిన వేరు ఒకే ఒక శుభ్రమైన శిఖరాన్ని ఎక్కడైనా ఇస్తుందా? వేరులో ఒకదానికొకటి చుట్టాలైన పదార్థాలు డజన్ల కొద్దీ ఉంటాయి. తెర మీద కనిపించిన ఆ శుభ్రతే నాకు అనుమానం కలిగించాల్సింది.

కోరమండల్ తీరపు అద్దకంలో ఎరుపు ఎలా వస్తుందో తెలిస్తే గానీ ఇందులోని చిక్కు అర్థం కాదు. గుడ్డను ఉతికి, కరక్కాయ రసం కలిపిన పాలలో నానబెట్టి ఆరేస్తారు. కరక్కాయలోని వగరు, అంటే టానిన్, నూలుకు పట్టుకుంటుంది. పాలలోని కొవ్వు, గీసిన గీత పాకకుండా ఆపుతుంది. బెల్లం, ఇనుప ముక్కలు కలిపి రోజుల తరబడి పులియబెట్టిన కసిం ఆ టానిన్‌ను తాకగానే గీత నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట మాత్రం రంగు వేయరు, పటిక వేస్తారు. పటిక అద్దిన గుడ్డను పారే నీటిలో ఉతికి, ఎర్ర రంగు బానలో ఉడకబెడతారు. పటిక ఉన్న చోటల్లా ఆలిజరిన్ అల్యూమినియంతో, కాల్షియంతో ముడిపడి కూర్చుంటుంది, మిగతా చోట్ల నిలవదు. ఆ ముడి ఎంత గట్టిదంటే, మచిలీపట్నం నుంచి ఓడల్లో వెళ్లిన గుడ్డలు మూడు వందల ఏళ్ల తర్వాత కూడా లండన్ మ్యూజియంలో ఎర్రగానే ఉన్నాయి. అదే కాలపు నలుపు మాత్రం చాలాచోట్ల నూలును తినేసి, నల్లగీత ఉండాల్సిన చోట చిల్లు మిగిల్చింది. ఇనుము అలా చేస్తుంది.

ఆ గుడ్డల కోసమే డచ్చివాళ్లు 1605 తర్వాత, ఇంగ్లిషువాళ్లు 1611లో మచిలీపట్నంలో కొట్లు పెట్టారు. తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686 నుంచి 1759 దాకా మన అద్దకపు గుడ్డలను నిషేధించింది. అన్నిటికీ మూలం ఆ ఎరుపు, ఆ ఎరుపుకు మూలం చిరివేరు. తీరం వెంట ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క అది. తమిళంలో ఇంబూరల్ అనీ సాయవేర్ అనీ అంటారు.

ఆ వేరును బజారు నుంచి తరిమింది ఒక జర్మన్ ప్రయోగశాల. 1868లో గ్రేబె, లీబర్మన్ అనే ఇద్దరు రసాయనశాస్త్రవేత్తలు బొగ్గు తారులో దొరికే ఆంత్రసీన్ అనే పదార్థం నుంచి ఆలిజరిన్ చేసి చూపించారు. దాన్ని చౌకగా తయారుచేసే పద్ధతికి ఇంగ్లండులో 1869 జూన్ 25న వాళ్ల పక్షాన, 26న అక్కడి రసాయనశాస్త్రవేత్త విలియం హెన్రీ పెర్కిన్ పక్షాన పేటెంటు దరఖాస్తులు పడ్డాయి. మధ్య తేడా ఒక్క రోజు. ఇక్కడ ఒక విషయం నన్ను ఎప్పుడూ ఆపి ఆలోచింపజేస్తుంది. ఆ పెర్కిన్ కొడుకు ఆర్థర్ జార్జ్ పెర్కిన్, లీడ్స్‌లో అద్దకపు శాస్త్రం బోధించే హమ్మెల్‌తో కలిసి 1893లో చిరివేరును విశ్లేషించి ఫలితాలు ప్రచురించాడు. తండ్రి కర్మాగారంలో చేసిన పదార్థమే ఈ వేరులో ముఖ్య రంగు అని కొడుకు తేల్చాడు. దానితోపాటు అదే కుటుంబానికి చెందిన మరికొన్ని పసుపు పదార్థాలనూ విడదీసి చూపించాడు. చిరివేరుకు గుర్తింపు చీటీ లాంటివి ఆ పసుపు పదార్థాలే. నేను ఆ దుప్పటిలో వెతకాల్సింది వాటిని. వాటి గురించి రాసి నూట ముప్పై ఏళ్లు దాటింది.

ఎరుపు ఇచ్చే మొక్కలన్నీ ఒకే రకం గుర్తులు ఇవ్వవు. యూరపు వాళ్ల మాడర్ వేరులో ఆలిజరిన్, పర్ప్యూరిన్ అనే ఎరుపులు రెండూ ఉంటాయి. మన మంజిష్ఠలో పర్ప్యూరిన్ ప్రధానం, దానితోపాటు ఆ మొక్క పేరే పెట్టుకున్న మంజిస్టిన్ ఉంటుంది, ఆలిజరిన్ మాత్రం అంతంతే. తొగరు చెట్టు వేరులో మొరిండోన్ ఉంటుంది. లక్కలో లక్కాయిక్ ఆమ్లాలు ఉంటాయి, అది పురుగు ఇచ్చే ఎరుపు. చిరివేరులో ఆలిజరిన్ నిండుగా ఉంటుంది, పర్ప్యూరిన్ ఉండదు. కాబట్టి మంజిష్ఠతో అద్దిన గుడ్డను కర్మాగారపు ఆలిజరిన్ గుడ్డ నుంచి విడదీయడం కష్టం కాదు. చిరివేరు దగ్గరే కష్టమంతా. పర్ప్యూరిన్ లేని ఆలిజరిన్ కనిపిస్తే అది చిరివేరూ కావచ్చు, డబ్బాలోని పొడీ కావచ్చు. తెలుగు తీరం ప్రపంచానికి ఇచ్చిన ఎరుపుకే నకలు అన్నిటికంటే దగ్గరగా ఉంది.

పరీక్ష చేసే పద్ధతి కూడా సాక్ష్యాన్ని చెరిపేయగలదు. వేరులో ఈ రంగు పదార్థాలు కొన్ని చక్కెరతో జతకట్టి ఉంటాయి. నేను వాడిన గాఢమైన ఆమ్లం ఆ జతను తెంపేస్తుంది, చివరికి ఆలిజరిన్ లాంటి విడి రంగులే మిగులుతాయి. కరక్కాయ సంగతీ అంతే. గాఢ ఆమ్లంలో దాని ప్రత్యేకమైన టానిన్లు విరిగిపోయి ఎలాజిక్ ఆమ్లం మిగులుతుంది. దానిమ్మ తొక్క కూడా అదే మిగుల్చుతుంది, కాబట్టి ఆ గుర్తుతో ఏ కాయ వాడారో చెప్పలేం. ఫార్మిక్ ఆమ్లం, ఈడీటీఏ లాంటి మృదువైన ద్రావణాలతో రంగును తీసే పద్ధతిని జాంగ్, లార్సెన్ అనే పరిశోధకులు 2005లో ప్రచురించారు. అలా తీస్తే చక్కెర జతలు చాలావరకు చెక్కుచెదరవు. పాత పద్ధతి తప్పని నేను అనను. 1985లో యాన్ వౌటర్స్ అనే శాస్త్రవేత్త ఆ దారిలోనే హెచ్‌పీఎల్‌సీని పాత వస్త్రాల దగ్గరికి తీసుకొచ్చాడు, ఈ రంగం దాని మీదే నిలబడింది. ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నామో తెలుసుకొని పద్ధతిని ఎంచుకోవాలని మాత్రం అంటాను. నేను ఆ ప్రశ్న వేసుకోకుండానే గొట్టంలోకి ద్రవం పంపాను.

నీలి విషయం ఇంకా జటిలం. నీలి ఆకు నుంచి వచ్చినా, 1897 నుంచి జర్మనీ కర్మాగారం అమ్మిన నీలి అయినా ఇండిగోటిన్ అణువు ఒక్కటే. ఆకు నీలిలో ఇండిరూబిన్ అనే ఎర్రటి తోడు తరచుగా కనిపిస్తుంది, కానీ దాని మోతాదు నీలిమందు తయారుచేసిన తీరును బట్టి మారుతుంది కాబట్టి అదొక్కటే నమ్మి తీర్పు చెప్పకూడదు. గట్టి జవాబు, కాలంతో క్రమంగా తరిగిపోయే రేడియోధార్మిక కార్బన్-14 ఇస్తుంది. బతికిన మొక్క గాలి నుంచి తీసుకున్న కార్బన్-14 ఆకు నీలిలో ఉంటుంది. తారు, పెట్రోలియం కోట్ల ఏళ్ల కిందటివి కాబట్టి వాటి నుంచి చేసిన నీలిలో అది ఉండదు. ఆలిజరిన్‌కూ ఇదే తర్కం వర్తిస్తుంది. ఇందులోనూ ఒక మెలిక ఉంది. నూలు కూడా మొక్కే. గుడ్డను గుడ్డగానే పరీక్షకు పంపితే పత్తిలోని కార్బన్-14 కనిపించి, ఏ రంగైనా మొక్కదేనని అనిపిస్తుంది. రంగును పోగు నుంచి పూర్తిగా విడదీసి, వాడిన ద్రావకం ఆనవాలు కూడా లేకుండా శుద్ధి చేశాకే కొలవాలి. ఢిల్లీలో, అహ్మదాబాదులో ఆ కొలత చేయగల యంత్రాలు ఉన్నాయి. దుప్పటికి దుప్పటికి చేయించే పరీక్ష మాత్రం కాదు.

"అణువు ఒకటే అయినప్పుడు ఈ గొడవంతా ఎందుకు?" అని నా విద్యార్థి ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. చెట్టు రంగు ఒంటికి మంచిది, కర్మాగారపు రంగు చెడ్డది అని నేను చెప్పను, ఎందుకంటే అది నిజం కాదు. యూరపు మాడర్ వేరులోని లూసిడిన్ జన్యువులకు హాని చేస్తుందని తెలిసిన విషయమే. మరోవైపు ఆజో అనే కృత్రిమ రంగులు కొన్ని విరిగి అమీన్లు అనే హానికరమైన పదార్థాలు ఇస్తాయని మన దేశం కూడా 1990లలో వాటిని నిషేధించింది. ఆ అమీన్ల పరీక్ష ఎగుమతి గుడ్డలకు మామూలుగా జరుగుతుంది. ఒక దుకాణంలో ప్రకృతి రంగులకు రుజువు అడిగితే నాకు ఆ పరీక్ష పత్రమే చూపించారు. అందులో హానికరమైన అమీన్లు లేవని రాసి ఉంది. చెట్టు మాట అందులో ఎక్కడా లేదు. కొనేవాళ్లకు ఆ తేడా ఎవరూ చెప్పడం లేదు.

నా అభ్యంతరం చీటీ మీద. పొడి ఆలిజరిన్ మన తీరపు అద్దకంలోకి వచ్చి తరాలు గడిచాయి. పటిక, కరక్కాయ, పారే నీరు, అచ్చు కొట్టే చెయ్యి అన్నీ అవే, బానలోని ఎరుపు ఒక్కటే మారింది. దాన్ని ఉన్నదున్నట్టు చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ పెద్దాయన సిగ్గుపడలేదు కూడా. కానీ చిరివేరుకూ పొడికీ సంబంధం లేకుండా, స్క్రీన్ ప్రింటింగ్‌తో రియాక్టివ్ అనే కృత్రిమ రంగులు వేసిన గుడ్డకు కూడా అదే చీటీ కడితే, రోజుల తరబడి గుడ్డను నానబెట్టి, ఉతికి, ఎండబెట్టే మనిషి కూలి ఆ చీటీలో కరిగిపోతోంది. ఈ మూడో రకాన్ని పట్టుకోవడం అన్నిటికంటే తేలిక. రియాక్టివ్ రంగు నూలుతో రసాయనికంగా అతుక్కుపోతుంది కాబట్టి, ఆమ్లం కలిపిన వేడి మిథనాల్‌లో పెట్టినా పోగు ఎర్రగానే ఉండి, ద్రావణం దాదాపు తెల్లగా మిగులుతుంది. దీనికి పెద్ద యంత్రం అక్కర్లేదు, కళాశాల ప్రయోగశాల చాలు.

ఇక నేను అసలు చెప్పదలచుకున్న మాట. యంత్రం తనంతట తాను ఏ మొక్క పేరూ చెప్పదు. ఫలానా నిమిషానికి ఫలానా కాంతి పీల్చే పదార్థం, 240 అణుభారం ఉన్న పదార్థం వచ్చిందని చెబుతుంది. అది చిరివేరు అనడానికి, ఫలానా ఊళ్లో తవ్విన చిరివేరుతో, ఫలానా పటికతో, ఫలానా నీళ్లతో అద్దిన గుడ్డ మన చేతిలో ఉండాలి. మందుల పరీక్షలో దీన్ని ప్రమాణ నమూనా అంటాం. అది లేకుండా జ్వరం మాత్ర ఒక్కటి కూడా బయటికి వెళ్లనివ్వం. దాన్ని తయారుచేసి ఇవ్వడానికి దేశానికి ఒక ఫార్మకోపియా కమిషన్ ఉంది. మన ఎరుపుకు అలాంటి నమూనాల బీరువా అద్దకం ఊళ్లకు అందుబాటులో ఎక్కడ ఉంది?

ఈ అవసరం కొత్తగా పుట్టింది కాదు. 1734లో పాండిచ్చేరిలో బోల్యూ అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి ఒక అద్దకందారు పక్కన కూర్చుని, పనిలో ఒక్కో దశ ముగియగానే ఒక ముక్క కత్తిరించి, పక్కన ఏం జరిగిందో రాసుకున్నాడు. మన విద్యను తమ దేశానికి పట్టుకెళ్లడానికే ఆ పని చేశాడు. ఆ ముక్కలు ఇప్పటికీ పారిస్‌లో భద్రంగా ఉన్నాయి. తర్వాత 19వ శతాబ్దంలో థామస్ వార్డిల్ అనే ఇంగ్లిషు అద్దకందారు మన దేశపు రంగు మొక్కలతో గుడ్డలు అద్ది వేలకొద్దీ మచ్చులు తయారుచేశాడు. వాళ్ల ఉద్దేశాలు ఏవైనా, రాత లేని మచ్చు, మచ్చు లేని రాత రెండూ పనికిరావని వాళ్లకు తెలుసు. మన దగ్గర ఆ చేతులు ఇంకా ఉన్నాయి, మచ్చులు లేవు.

హైదరాబాదు చుట్టూ హెచ్‌పీఎల్‌సీ లేని మందుల ప్రయోగశాల ఉండదు, ఒక్కోచోట వరుసగా ఇరవై యంత్రాలుంటాయి. వాటి మీద పనిచేయగల యువతీయువకులు వేలల్లో ఉన్నారు. అణువుల బరువు తేల్చే మాస్ స్పెక్ట్రోమీటర్లు కూడా ఉన్నాయి. విశ్వవిద్యాలయాల్లో మొక్కను గుర్తుపట్టి, ఒత్తి, ఎండబెట్టి, అట్టకు అతికించి భద్రపరచగల వృక్షశాస్త్ర శాఖలున్నాయి. పెడనలో, శ్రీకాళహస్తిలో బాన పక్కన జీవితం గడిపిన వాళ్లున్నారు. ఈ ముగ్గురినీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టాలని నేను అడుగుతున్నాను. అద్దకందారును సమాచారం ఇచ్చే మనిషిగా పిలవకూడదు, పరీక్ష రూపొందించే మనిషిగా పిలిచి, రోజు కూలి కాకుండా నిపుణుడి భత్యం ఇవ్వాలి. ప్రతి మచ్చు గుడ్డ మీద ఆయన పేరు ఉండాలి. వెలిసిపోయిన మచ్చులూ కావాలి, ఎందుకంటే పరీక్షకు వచ్చే పాత గుడ్డ ఎప్పుడూ కొత్త గుడ్డలా ఉండదు. పాడైపోయిన మచ్చులూ కావాలి.

ఈ చివరి మాట అనుభవంతో చెబుతున్నాను. కిందటి చలికాలంలో మా కళాశాల వృక్షశాస్త్ర అధ్యాపకురాలు గుర్తించి ఇచ్చిన చిరివేర్లతో పెడన వెళ్లాం. ఎన్నడూ ఉడకబెట్టని వేరును ఆ పెద్దాయన విరిచి, వాసన చూసి, నాలుక మీద పెట్టుకుని, తాత మాటలు గుర్తుచేసుకుంటూ దంచించారు. మొదటి ముక్క ఎరుపు రాలేదు, మురికి గోధుమరంగులో తేలింది. నేను వేర్లను అనుమానించాను. ఆయన బకెట్లోని బోరు నీళ్లు దోసిట్లోకి తీసుకుని, "ఇందులో ఇనుముందమ్మా, పటికను ఇది చెడగొట్టింది" అన్నారు. మర్నాడు వేరే నీళ్లు తెప్పించారు. గుడ్డ ఎర్రబడింది. పొడి ఎరుపు కంటే కాస్త మెత్తని, లోపల పసుపు దాగిన ఎరుపు.

ఆ పోగును ఈసారి మృదువైన ద్రావణంతో పరీక్షించాను. ఆలిజరిన్ పెద్ద శిఖరం వచ్చింది. దానికి ముందూ వెనకా చిన్నచిన్నవి ఆరు వచ్చాయి, వాటిలో రెండింటికి నేను ఇంకా పేరు పెట్టలేదు. గోధుమరంగు ముక్కలోనూ అవే ఆరు ఉన్నాయి. రెండు ముక్కలకూ అట్టలు కట్టి మొక్క వివరాలు, తవ్విన చోటు, నీళ్లు, పటిక తూకం, ఉడికిన సమయం, అద్దిన ఆయన పేరు రాశాం.

అట్టలు సంచిలో సర్దుతుంటే పెద్దాయన కత్తెర తీసుకుని వచ్చారు. "ఆ ఎర్ర ముక్కలో కాస్త నాకూ కత్తిరించి ఇవ్వమ్మా" అన్నారు. దాన్ని డబ్బా ఉన్న గోడకు, పొడితో అద్దిన గుడ్డ పక్కన, చిన్న మేకుతో కొట్టి పెట్టారు.